ఓడిన దేశమునకు ఆకాశము లేదా?

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీ వచ్చుసరికి హైదరాబాదులో పేరు తగవు ఒకటి లేచుచున్నది. ఒకరు విమోచనమందురు, ఒకరు విలీనమందురు, ఒకరు సమైక్యత అందురు. 2022 నుండి కేంద్రప్రభుత్వము దీనిని విమోచనదినముగ జరుపుచున్నది. రాష్ట్రప్రభుత్వము ఆ యేడు జాతీయ సమైక్యతాదినమనియు, 2024లో ప్రజాపాలనాదినోత్సవమనియు పేర్లు పెట్టినది. ఎవరి ఇష్టము వచ్చిన పేరు వారు పెట్టుకొందురు గాక. ఈ కోలాహలములో 1948 నాటి వ్యవహారమునకు మూలమైన న్యాయప్రశ్న మాత్రము మరుగున పడిపోవుచున్నది. ఒక రాజ్యముపై మరియొక రాజ్యముది పైచేయి అయినప్పుడు, ఓడినవాని ఆకాశమునకు తాళము వేయుటకు గెలిచినవానికి హక్కు ఎచ్చటినుండి వచ్చును? వచ్చినచో అది ఎంతకాలముండును? దానికి లెక్క చెప్పవలసినది ఎవరికి?

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతవాసులకు ఆకాశముపై చట్టమున్నదని వేరుగ చెప్పనక్కరలేదు. బేగంపేట విమానాశ్రయము వారి ఇరుగుపొరుగు. 2008 మార్చి 23వ తేదీన శంషాబాదు విమానాశ్రయము తెరువబడువరకు ప్రయాణికుల విమానములు ఆ పేటల పరిసరములలోనే దిగుచు, లేచుచు ఉండెడివి. నేటికిని ఆ ప్రాంతములో ఎత్తైన మేడ కట్టదలచినవాడు, ఎత్తు విషయమున విమానాశ్రయాధికారుల అనుమతి పొందవలసియే యున్నది. తన నేల మీది గాలి యంతయు తనదే యనుకొను గృహస్థునకు ఆ దరఖాస్తు కాగితము మంచి పాఠము. అయితే ఆ నిషేధమునకు ఒక చట్టము కలదు; అధికారి కలడు; అన్యాయము జరిగినదనుకొన్నచో చెప్పుకొనుటకు న్యాయస్థానము కలదు. దేశముల మధ్య ఇట్టి నిషేధము వచ్చినప్పుడు ఈ మూడును కలవా యన్నదే నేడు మేము విచారింపదలచిన విషయము. వార్తాపత్రికలు 'నో ఫ్లై జోను' అని వ్రాయుచున్న నిషిద్ధ గగనమండలము ఇదియే.

మొదట సూత్రమును స్థిరపరుచుకొందము. నేల యెవరిదో దానిపైని ఆకాశము వారిదే. 1919 నాటి పారిస్ ఒడంబడిక ఈ మాటనే చెప్పినది. 1944లో చికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌరవిమానయాన ఒడంబడిక మొదటి అధికరణములోనే, ప్రతి రాజ్యమునకును తన భూభాగముపై నున్న ఆకాశమందు సంపూర్ణమైన, అన్యులకు భాగములేని సార్వభౌమాధికారము కలదని అంగీకరించినది. ఒడంబడికలో చేరిన రాజ్యమునకే యని అనలేదు, ప్రతి రాజ్యమునకు అని యన్నది. 1947 ఏప్రిల్ 4వ తేదీన అది అమలులోనికి వచ్చినది. అప్పటికే ఇండియా అందులో పక్షముగ ఉండెను. తన సైనికావసరము కొరకు గాని, ప్రజాక్షేమము కొరకు గాని తన ఆకాశములో కొంతభాగమును నిషేధించు హక్కు ప్రతి రాజ్యమునకు తొమ్మిదవ అధికరణము ఇచ్చుచున్నది. తన యింటి తలుపు తాను మూసికొనుట వంటిది అది.

పరుని ఆకాశమును మూయుట వేరు సంగతి. దానికి న్యాయశాస్త్రమున మాకు కనబడు ద్వారములు నాలుగే. ఆ దేశపు ప్రభుత్వము తానై సమ్మతించుట మొదటిది. ఓటమినాడు వ్రాసికొన్న లొంగుబాటు పత్రములోనో, సంధిలోనో ఆ షరతు ఉండుట రెండవది. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి తన శాసనపత్రములోని ఏడవ అధ్యాయమును అనుసరించి స్పష్టముగ అధికారమిచ్చుట మూడవది. యుద్ధము జరుగుచుండగా యుద్ధకార్యముగ శత్రువు విమానములను అడ్డుకొనుట నాలుగవది. యుద్ధము వచ్చినప్పుడు పోరాడు పక్షముల స్వేచ్ఛను తాను బంధింపనని చికాగో ఒడంబడికయే 89వ అధికరణములో చెప్పుకొన్నది. కాని ఆ నాలుగవ ద్వారము యుద్ధముతోనే మూతబడును. కాల్పులు ఆగిన పిమ్మట కూడ అదే ద్వారమున నిలిచి, నేను గెలిచితిని గనుక ఆకాశము నాదే యనుట, కర్ర యున్నవానిదే బర్రె యనుట తప్ప మరియొకటి కాదు.

ఇక మన యింటి వ్యాజ్యమునకు వత్తము. ఏడవ నిజాము మొదటి మహాయుద్ధములో బ్రిటిషు వారికి విమానములు కొనియిచ్చెను. వారి వాయుసేనలోని 110వ దళమునకు హైదరాబాదు పేరు పెట్టిరి. రెండవ యుద్ధములో 152వ దళమునకును ఆ పేరే పెట్టిరి. బేగంపేటలో భారత వాయుసేన వారి ప్రాథమిక శిక్షణాలయము నడచినది. ఇంత జరిగినను, 1948 నాటికి హైదరాబాదు సంస్థానమునకు తనదని చెప్పుకొనదగిన యుద్ధవిమానదళము లేదు. సామ్రాజ్యమునకు రెక్కలు కట్టిన ప్రభువు తన ఆకాశమున ఒక్క రెక్కయైనను నిలుపుకొనజాలకపోయెను. సామంతుని స్థితి యెట్టిదో ఇంతకంటె తేటగ చెప్పు దృష్టాంతము లేదు.

ఆ సామంతస్థితియే న్యాయప్రశ్నకు కీలకము. చికాగో ఒడంబడిక రెండవ అధికరణము, ఒక రాజ్యపు భూభాగమనగా దాని సార్వభౌమత్వము క్రింద గాని, అధిరాజ్యాధికారము క్రింద గాని, రక్షణ క్రింద గాని ఉన్న నేల యని నిర్వచించినది. 1944లో హైదరాబాదు బ్రిటిషు మకుటపు అధిరాజ్యాధికారము క్రింద ఉండెను. బేరారు విషయమున తాను బ్రిటిషు ప్రభుత్వమునకు సమానుడనని నిజాము వాదింపగా, 1926 మార్చి 27వ తేదీన వైస్రాయి రీడింగు ప్రభువు ఆ వాదమును నిర్మొగమాటముగ త్రోసిపుచ్చెను. కావున అప్పటికి హైదరాబాదు ఆకాశము ఎవరిదన్న సందేహము లేదు. కాని 1947 నాటి భారత స్వాతంత్ర్యచట్టము ఏడవ విభాగము, సంస్థానములపై మకుటపు అధిరాజ్యాధికారము ఆగస్టు 15తో అంతరించునని శాసించెను. అంతరించిన అధికారము ఎవరికి చేరినది? నిజాము తనకు చేరినదనెను. భారతప్రభుత్వము అట్లు కాదనెను. ప్రజలకు చేరవలెనన్న మాటను, 1938లో నిషేధింపబడిన హైదరాబాదు స్టేటు కాంగ్రెసువారు చెరసాలలనుండి పలికిరి.

ఈ సందిగ్ధస్థితిలో 1947 నవంబరు 29వ తేదీన యథాతథపు ఒడంబడిక కుదిరినది. విదేశవ్యవహారములు, రక్షణ, రాకపోకలు మొదలైన ఉమ్మడి విషయములలో ఆగస్టు 15కు ముందు మకుటముతో నుండిన ఏర్పాట్లే ఇండియాతో కొనసాగవలెనని మొదటి అధికరణము. ఈ ఒడంబడికవలన అధిరాజ్యసంబంధ మేదియు ఏర్పడదని మూడవ అధికరణము. వివాదము వచ్చినచో ఇరుపక్షములు చెరియొక మధ్యవర్తిని నియమింపవలెననియు, ఆ యిద్దరును కలిసి ఒక పెద్దను ఎన్నుకొనవలెననియు నాల్గవ అధికరణము. ఈ పత్రమును న్యాయవాదులైనవారు ఒకమారు కాక రెండుమార్లు చదువవలెను. ఆకాశమన్న పదము అందు లేదు. కాని రక్షణ, రాకపోకలు అను రెండు మాటలలో ఆకాశము ఇమిడియే యున్నది.

1948 వేసవిలో సిడ్నీ కాటను అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి లాంకాస్ట్రియను విమానములలో ఆయుధములు నింపుకొని రాత్రివేళల బీదరు, వరంగల్లు విమానస్థలములకు చేరవేయసాగెను. ఇది అక్రమమా, సక్రమమా? హైదరాబాదు సార్వభౌమరాజ్యమా కాదా యన్న పెద్దప్రశ్నకు పోకయే దీనికి ఉత్తరము చెప్పవచ్చును. హైదరాబాదునకు సముద్రతీరము లేదు. కరాచీనుండి ఏ దారిన వచ్చినను ఇండియా భూభాగముపై ఎగురక బీదరు చేరుట అసాధ్యము. ఏ రాజ్యపు అనుమతి లేకయు ఆ రాజ్యపు ఆకాశముగుండ అంతర్జాతీయ విమానములలో యుద్ధసామగ్రి తీసికొనిపోరాదని చికాగో ఒడంబడిక 35వ అధికరణము చెప్పుచున్నది. కనుక హైదరాబాదు స్వతంత్రరాజ్యమైనచో ఆ విమానములు ఇండియా ఆకాశమును అతిక్రమించినవి. స్వతంత్రరాజ్యము కానిచో, 1934 నాటి విమానచట్టమును, యథాతథపు ఒడంబడికను అతిక్రమించినవి. నిజాము పక్షమున ఎంతటి న్యాయవాది నిలిచినను, ఈ విషయమున ముందు నుయ్యి, వెనుక గొయ్యి. తుదకు బ్రిటను న్యాయస్థానమే కాటనును దోషిగ నిర్ణయించి జరిమానా విధించినది. ఇండియా తన ఆకాశమును మూసికొనుటలో పూర్ణమైన న్యాయము కలదని మా నిశ్చితాభిప్రాయము.

సెప్టెంబరు 13వ తేదీన ప్రశ్న మారిపోయినది. అంతవరకు ఇండియా తన ఆకాశమును మూసికొన్నది. ఆ నాటినుండి హైదరాబాదు ఆకాశమును స్వాధీనము చేసికొన్నది. భారత వాయుసేన విమానములు సంస్థానపు గగనమున ఎదురులేక తిరిగినవి. 17వ తేదీన కాల్పులు ఆగినవి. 18వ తేదీన సంస్థానసేనాని ఎల్ ఎద్రూసు మేజరు జనరలు చౌధురికి లొంగిపోయెను. దీనికి మన ప్రభుత్వము పోలీసు చర్య యని పేరు పెట్టినది. పోలీసు చర్యయైనచో దేశపు నేరచట్టమునకు లోబడవలెను. యుద్ధమైనచో అంతర్జాతీయ న్యాయమునకు లోబడవలెను. రెండింటి సౌకర్యములు తీసికొని, రెండింటి బాధ్యతలను వదలుకొనుట ఏ కక్షిదారునకును చెల్లదు. ఇది మన ప్రభుత్వము విషయమున చెప్పుటకు కొందరికి కష్టముగ నుండవచ్చును. కాని పరాయివాని కొలమానము ఒకటి, మన కొలమానము ఒకటి యైనచో దానిని న్యాయమనరాదు, దుకాణమందురు.

హైదరాబాదు 1948 ఆగస్టు 21వ తేదీననే భద్రతామండలికి తంతి పంపి, సమితిలో చేరని రాజ్యమునకు ఫిర్యాదుహక్కునిచ్చు 35వ అధికరణము రెండవ ఖండమును ఆశ్రయించినది. మండలి సెప్టెంబరు 16వ తేదీన పారిస్ నగరమున కూడినది. ఈ విషయమును చర్చకు తీసికొనుటకు ఎనిమిదిమంది సమ్మతించిరి, రష్యా, ఉక్రెయిన్, చైనా తటస్థముగ నుండిరి, కాదన్నవారు లేరు. మొయిన్ నవాజ్ జంగు హైదరాబాదు పక్షమున, రామస్వామి మొదలియారు ఇండియా పక్షమున వాదించిరి. హైదరాబాదు ఎన్నడును స్వతంత్రరాజ్యము కాదనియు, ఇది స్వదేశవ్యవహారమనియు మొదలియారుగారి వాదము. వాదము ముగియకముందే యుద్ధము ముగిసినది. సెప్టెంబరు 22వ తేదీన నిజాము తన ఫిర్యాదును ఉపసంహరించుకొన్నట్లు తంతి ఇచ్చెను. 1949 మే నెలలో మరల కొంత చర్చ జరిగినది, తీర్పు రాలేదు. దశాబ్దముల తరబడి ఆ విషయము మండలి జాబితాలో అట్లే పడియుండెను. క్లైడ్ ఈగిల్టను అను అమెరికా న్యాయపండితుడు 1950లో దీనిపై విమర్శవ్యాసమును ప్రకటించెను. యథాతథపు ఒడంబడికలోని మధ్యవర్తుల అధికరణమును ఉపయోగింపకయే ఇరుపక్షములు కాలము గడపినవి. తీర్పు లేకయే ముగిసిన వ్యాజ్యమది.

మరి దానికి న్యాయమైన ముగింపు ఎచ్చటనుండి వచ్చినది? మండలినుండి రాలేదు, ఫిరంగులనుండియు రాలేదు. 1949 నవంబరులో నిజాము భారత రాజ్యాంగమును అంగీకరించుచు ప్రకటన చేసెను. 1950 జనవరి 26వ తేదీన ఆ రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. 1952లో వయోజనులందరును ఓటువేసి శాసనసభను ఎన్నుకొనిరి. న్యాయవాదియైన బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి యైరి. నాటితో హైదరాబాదు ఓడిన దేశముగ ఉండుట మానినది. బేగంపేటపై ఎగురు విమానమునకు శాసనము చేయు లోకసభలో బేగంపేట ప్రజల ప్రతినిధియు కూర్చుండెను. జయించినవాడు, జయింపబడినవాడు ఒకే చట్టమునకు సమానముగ లోబడిననాడు ఆకాశము మరల అందరిదైనది. ఏనాటి బలప్రయోగమునకైనను ఇంతకంటె గట్టి న్యాయసమ్మతి లేదు. అయితే ఇది పిదప వచ్చిన సమ్మతి. ముందు లేని హక్కును వెనుకటినుండి పుట్టించుటకు ఇది దస్తావేజు కాదు. మన అదృష్టమును సిద్ధాంతముగ మార్చి లోకమునకు అమ్మరాదు.

ఇంకొక సంగతియు దాచరాదు. 1948 ఆగస్టు 27వ తేదీన బైరాన్‌పల్లిలో రజాకార్లు గ్రామస్థులను చంపిరి. అట్టి దౌర్జన్యములే సైనికచర్యకు కారణమని చెప్పబడినది, అది సత్యమే. కాని ఆ చర్యకు పిమ్మట సంస్థానములోని పెక్కు జిల్లాలలో ముసల్మానులపై హత్యాకాండ జరిగినది. భారతప్రభుత్వము పంపిన పండిత సుందరలాల్ సంఘము మృతుల సంఖ్యను 27 వేలనుండి 40 వేలవరకు అంచనా వేసినది. ఆ నివేదిక చిరకాలము ప్రజలకు అందకుండెను. అప్పుడు ఆకాశమంతయు మన చేతిలోనే యున్నది. ఒక్క శత్రువిమానమైనను లేదు. అయినను క్రింద పల్లెలో గొడ్డలి పట్టినవాని చేతిని ఆకాశము ఆపలేకపోయినది. గగనాధిపత్యము వేరు, ప్రజారక్షణ వేరు. ఈ భేదమును మన నేలయే మనకు నేర్పినది.

ఇది గ్రహించిన కన్నులతో ఇరాకు వ్యవహారమును చూతము. 1991 మార్చి 3వ తేదీన సఫ్వానులో సేనానులు కూడి కాల్పుల విరమణకు షరతులు మాటలాడుకొనిరి. ఇరాకు తన యుద్ధవిమానములను ఎగురనీయరాదని, హెలికాప్టర్లను మాత్రము నడుపుకొనవచ్చునని నిర్ణయమైనది. ఆ హెలికాప్టర్లే కొలదిదినములలో తిరుగబడిన స్వదేశప్రజలపై నిప్పులు కురిసినవి. లక్షలాది కుర్దులు టర్కీ, ఇరాను సరిహద్దు కొండలకు పారిపోయిరి. ఏప్రిల్ 3వ తేదీన భద్రతామండలి 687వ తీర్మానముతో కాల్పుల విరమణ షరతులను విధించినది. అందు నిషిద్ధ గగనమండలము ఊసు లేదు. ఏప్రిల్ 5వ తేదీన 688వ తీర్మానము ఇరాకు దమనకాండను ఖండించి, ఆపన్నులకు సహాయము చేరనీయవలెనని కోరినది. దానిలోను ఆకాశము మాట లేదు. బలప్రయోగమునకు అధికారమిచ్చు ఏడవ అధ్యాయము మాట లేదు. పైపెచ్చు, స్వదేశవ్యవహారములలో సమితి జోక్యము కూడదను రెండవ అధికరణము ఏడవ ఖండమును అది స్మరించినది. మొదలియారుగారు పారిస్‌లో ఆశ్రయించిన న్యాయము అదియే. ఆ తీర్మానముపై పదిమంది అనుకూలముగను, ముగ్గురు ప్రతికూలముగను ఓటు వేసిరి. చైనాయు ఇండియాయు తటస్థముగ నుండెను.

అయినను అమెరికా, బ్రిటను, ఫ్రాన్సు 36వ అక్షాంశమునకు ఉత్తరమున ఇరాకు విమానములు ఎగురరాదని శాసించినవి. 1992 ఆగస్టులో 32వ అక్షాంశమునకు దక్షిణమునను అట్లే శాసించినవి. 1996లో ఇరాకు సేనలు ఉత్తరాననున్న ఎర్బిలు పట్టణమున ప్రవేశింపగా, శిక్షగ దక్షిణమండలమును 33వ అక్షాంశమువరకు పెంచిరి. తలనొప్పికి మోకాలికి మందు వేసినట్లున్నది. ఫ్రాన్సు మొదట ఉత్తరమునుండియు, 1998లో దక్షిణమునుండియు తప్పుకొన్నది. మిగిలిన రెండును 2003 మార్చి యుద్ధమువరకు, అనగా దాదాపు పండ్రెండేండ్లు, ఆ కాపలా కాచినవి. కాచుచునే బాంబులు వేసినవి.

దీనికి రెండు సమర్థనలు చెప్పబడినవి. మూడు తీర్మానములను కలిపి చదివినచో అధికారము అందు గర్భితమై యున్నదని ఒకటి. ఈ వాదము నిలువదు. అవసరమని తోచినప్పుడు మండలి స్పష్టముగ వ్రాయగలదు. 1992 అక్టోబరు 9వ తేదీన 781వ తీర్మానముతో బోస్నియా గగనమున సైనికవిమానములను నిషేధించినది. 1993 మార్చి 31వ తేదీన 816వ తీర్మానముతో ఆ నిషేధమును బలముతో అమలుజరుప అధికారమిచ్చినది. 2011 మార్చి 17వ తేదీన 1973వ తీర్మానముతో లిబియా ఆకాశమును మూసినది. మూడుచోట్ల నోరారా చెప్పినవాడు నాల్గవచోట మనసులో అనుకొనెనని నమ్ముమనుట ఏ మునసబు కోర్టులోను చెల్లదు.

రెండవ సమర్థన బలమైనది. ప్రాణములు పోవుచుండగా కాగితము కొరకు వేచియుండవలెనా యని అడుగుదురు. ఈ ప్రశ్నను ఎగతాళి చేయుట మా ఉద్దేశము కాదు. ఉత్తర ఇరాకులోని కుర్దులు ఆ నీడన కొండలు దిగి ఇండ్లకు వచ్చిరన్నది సత్యము. పంజాగుట్టలోని నిజాము వైద్యవిజ్ఞానసంస్థకు స్పృహతప్పిన క్షతగాత్రుని తెచ్చినప్పుడు, సంతకము కొరకు వైద్యుడు చేతులు ముడుచుకొని కూర్చుండడు, కూర్చుండరాదు. ఆపద యే అతనికి ఆజ్ఞ. కాని రోగికి తెలివి వచ్చిన పిమ్మట గాని, అతని బంధువులు వచ్చిన పిమ్మట గాని, సంతకము లేకయే శస్త్రచికిత్స చేయుచు పోయినచో అది వైద్యమనిపించుకొనదు. ఆపద్ధర్మము మొదటి దినమునకు సమాధానము చెప్పగలదు. నాలుగువేల దినములకు చెప్పజాలదు. ఆ కాలములో భద్రతామండలి తలుపులు ఎన్నడును మూయబడలేదు. ఆ తలుపు తట్టినచో మాట నెగ్గదేమోయన్న భయమే వారిని ఆపినదని మేము తలంతుము.

పత్రమున్నంత మాత్రాన పనియంతయు ధర్మబద్ధమగునని కూడ అనుకొనరాదు. లిబియా తీర్మానము పౌరుల రక్షణకని వ్రాయబడినది. దానిపై ఇండియా, చైనా, రష్యా, జర్మనీ, బ్రెజిలు తటస్థముగ నుండెను. ఏడుమాసములు గడచుసరికి ప్రభుత్వము కూలినది, గడాఫీ హతుడాయెను. రక్షణ కొరకు తెరచిన ద్వారమున రాజ్యమార్పిడి లోనికి వచ్చినది. బోస్నియాలోనో, ఆకాశము మూతబడియుండగనే 1995 జూలైలో స్రెబ్రెనిత్సాలో వేలాది పురుషులను, బాలురను నేలపై నిలబెట్టి చంపిరి. హైదరాబాదు జిల్లాలలో మనము నేర్చిన పాఠమే అచ్చటను.

పూర్వము గెలిచినవారైనను తమ షరతులను వ్రాసి చూపెడివారు. 1919 నాటి వెర్సాయి సంధి 198వ అధికరణము జర్మనీకి సైనిక వాయుసేన కూడదని స్పష్టముగ చెప్పినది. 1945 సెప్టెంబరు 2వ తేదీన జపాను సంతకము చేసిన లొంగుబాటు పత్రము ఆ దేశపు ప్రభుత్వాధికారమును మిత్రరాజ్యముల సర్వసేనానికి లోబరచినది. ఆ అధికారముతోనే జపాను విమానయానము నిషేధింపబడినది. 1952లో శాంతిసంధి అమలులోనికి రాగా ఆ పరాధీనత ముగిసినది. ఆ షరతులు కఠినములు, కొన్ని అవివేకములును. కాని వానికి అక్షరముండెను, అంతముండెను. 1948లో, హైదరాబాదు లొంగిపోయిన రెండుమాసములకే, టోకియో న్యాయస్థానమున మన రాధావినోదపాల్ ఒంటరిగ నిలిచి ముద్దాయిలందరును నిర్దోషులని తీర్పు వ్రాసెను. ఆయన నిర్ణయముతో ఏకీభవింపనివారు పెక్కుమంది కలరు. అయినను గెలుపు వేరు, న్యాయము వేరు అని ఒక భారతీయుడు గెలిచినవారి సభలోనే చెప్పెనన్న గౌరవము మనకు దక్కినది. దానిని నిలుపుకొనవలసిన భారమును మనదే.

మేము చెప్పదలచినది నాలుగు మాటలలో ముగియును. పరుని ఆకాశమును మూయువాడు మొదట పత్రము చూపవలెను. అందు ప్రయోజనము స్పష్టముగ వ్రాసియుండవలెను. గడువు ఉండవలెను, గడువు తీరినప్పుడు నిషేధము తనంతట తాను రాలిపోవలెను గాని, దానిని తీయుటకు మరల ఓటు కావలసియుండరాదు. ఏలయన తీయుటకు ఓటు కావలెనన్నచో వీటో కలిగిన ఒక్కడు అడ్డుపడి దానిని శాశ్వతము చేయగలడు. కడపట, హద్దు మీరిన విమానము విషయమున, క్రింద మరణించిన పౌరుని విషయమున, సమాధానము చెప్పుకొను ఒక న్యాయపీఠముండవలెను. ఈ నాలుగింటిలో ఏది లోపించినను అది చట్టము కాదు, పహరా మాత్రమే.

ఇండియా నడవడి ఇంతవరకు ఈ దిశకు దూరము కాదు. 688పై తటస్థత, 781కి సమ్మతి, 1973పై తటస్థత. కాని తటస్థత యనునది అభిప్రాయము చెప్పక తప్పుకొనుట కూడ కావచ్చును. 2022లో ఉక్రెయిన్ తన ఆకాశమును మూయుమని వేడుకొనగా, అణ్వస్త్రములుగల రష్యాతో యుద్ధము వచ్చునని నాటో నిరాకరించినది. అనగా ఈ నిషేధము ఇంతవరకు బలహీనుల పైననే అమలైనది. బలవంతుని ఆకాశము జోలికి ఎవరును పోలేదు. ఇట్టి లోకములో ఊరకుండుట చాలదు. భద్రతామండలిలో ఇండియాకు స్థానము లభించినప్పుడెల్ల, గడువును, నివేదికను, విచారణను కోరకుండ ఏ గగననిషేధమునకును ఓటు వేయబోమని ముందుగ ప్రకటింపవలెను.

ఇంటియందును చేయవలసిన పని కలదు. సెప్టెంబరు 17వ తేదీన జెండా ఎగురవేయువారు ఏ పేరుతోనైనను ఎగురవేయుదురు గాక. ఆ దినమున యథాతథపు ఒడంబడికను, మండలిలో జరిగిన వాదములను, సుందరలాల్ నివేదికను తెలుగున అచ్చువేయించి ప్రతి పఠనాలయమునకు పంపవలెను. అమీర్‌పేటలో పరీక్షలకు శిక్షణ పొందుచున్న వేలాది యువకులు తేదీలను వల్లెవేయుచున్నారు. ఆ తేదీల వెనుకనున్న న్యాయమును కూడ వారి చేతికి అందింపవలెను. వారిలో ఒకడు రేపు న్యాయమూర్తి కావచ్చును. మరియొకడు విమానదళాధికారి కావచ్చును. ఒకతె ఐక్యరాజ్యసమితిలో ఇండియా పక్షమున ఓటుచీటీ ఎత్తవచ్చును. ఆ చేయి ఎత్తునప్పుడు, ఒకప్పుడు తమ నగరమే ఆ పారిస్ సభలో వాదియై నిలిచి తీర్పు వినక వెనుదిరిగినదని వారికి తెలిసియుండుట మంచిది. గెలిచినవారు వ్రాసికొన్న చరిత్ర వారికి లభించును గాని, ఓడినవాని హక్కేమిటో చెప్పు న్యాయమును మనమే నేర్పవలెను.